ఏసీ, వెంటిలేషన్ గాలితో ఇల్లంతా సువాసన: ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను, మిగతావాళ్ళకీ అర్థమవుతుంది. విశాఖ ఎండాడలో కొత్త ఇల్లు, మూడు పడకగదులు, దాదాపు 1,200 చదరపు అడుగులు. హాల్లో ఫాల్స్ సీలింగ్ లోపల డక్టబుల్ ఏసీ, అంటే డక్టులనే గాలి గొట్టాలతో చల్లగాలి పంచేది, పడకగదుల్లో స్ప్లిట్ ఏసీలు. లోపలి గాలిని బయటికి పంపి, బదులుగా బయటి గాలిని లోపలికి తెచ్చే ఈఆర్వీ మెషీన్ ఒకటి బిల్డరే పెట్టించాడు. పెద్ద హోటల్ లాబీలో అడుగుపెట్టగానే వచ్చే సువాసన మీ ఇంట్లోనూ రావాలి. ఏసీ ఫిల్టర్ మీద అత్తరు చల్లమని స్నేహితుడు చెప్పాడు. డక్టుకి తగిలించే మెషీన్ పాతిక వేలని షాపతను చెప్పాడు. చివర్లో, వానాకాలంలో ఏసీ వేస్తే ముక్కిన వాసన వస్తోందనీ, అమ్మగారికి ఉబ్బసం ఉందనీ ఒక్క వాక్యంలో రాశారు. నేనైతే ఆ చివరి వాక్యంతో మొదలుపెడతాను. విశాఖలో చాలాకాలంగా ఏసీ, డక్టు పనులు చేయిస్తున్నాను. సువాసన కావాలని పిలిచిన ఇళ్ళలో సగానికి పైగా అసలు సమస్య దుర్వాసనే.

ఆ ముక్కిన వాసన ఏసీ కాయిల్ నుంచి, అంటే లోపల గాలిని చల్లబరిచే గొట్టాలూ రేకుల చట్రం నుంచి వస్తుంది. కాయిల్ మీద గాలిలోని తేమ నీరై కారుతుంది. మన ఊళ్ళో ఏడాది పొడుగునా తేమ ఎక్కువే, వానల్లో, ఆ తర్వాత తుపాన్ల కాలంలో మరీ ఎక్కువ. రాత్రంతా ఏసీ నడిపి పొద్దున్నే టక్కున ఆపేస్తే ఆ తడి అక్కడే ఉండిపోతుంది. దానికి దుమ్ము తోడైతే బూజు పడుతుంది. మళ్ళీ ఆన్ చేసిన మొదటి ఐదు నిమిషాల్లో వచ్చే వాసన అదే. దీనికి పరిమళం మందు కాదు. కాయిల్, బ్లోయర్, కింది నీళ్ళ ట్రే, డ్రెయిన్ పైపు నాలుగూ కడిగించండి. ఫిల్టర్ ఒక్కటి దులిపి సర్వీసింగ్ అయిపోయిందనే కుర్రాళ్ళు ఉంటారు, పక్కనే నిలబడి చేయించుకోండి. రోజూ ఏసీ ఆపే ముందు పావుగంట ఫ్యాన్ మోడ్‌లో నడిపితే కాయిల్ ఆరుతుంది. కొత్త మోడళ్ళలో ఆ పని దానంతటదే చేసుకునే ఆప్షన్ ఉంటుంది, చాలామంది ఇళ్ళలో అది ఆఫ్‌లోనే ఉంటుంది.

రెండో దొంగ బాత్రూమ్. వంటింట్లో చిమ్నీ గట్టిగా లాగుతుంది, ఏసీ కోసం కిటికీలన్నీ మూసేశారు. లాగిన గాలికి బదులు గాలి ఎక్కడి నుంచో రావాలి కదా. ఎవరూ వాడని గెస్ట్ బాత్రూమ్‌లో నహానీ ట్రాప్‌లో, అంటే నేల మీది నీళ్ళు పోయే రంధ్రం కింద మురుగు వాసనని ఆపే వంపులో, నీళ్ళు ఎండిపోయి ఉంటే డ్రెయినేజీ పైపులోంచి వస్తుంది. వంట చేసేటప్పుడే హాల్లో మురుగు వాసన వస్తోందని నన్ను పిలిచిన ఇళ్ళలో చాలావాటికి మందు ఒక్కటే: వారానికోసారి ఆ ట్రాప్‌లో ఒక చెంబు నీళ్ళు పోయడం, చిమ్నీ వేసినప్పుడు వంటింటి కిటికీ నాలుగు వేళ్ళు తెరవడం. చేపలు వేయించిన రోజు చిమ్నీని వంట అయ్యాక కూడా పది పదిహేను నిమిషాలు నడవనివ్వండి. నీచు వాసన మీద మల్లె సెంటు కొడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇక స్నేహితుడి సలహా. ఫిల్టర్ మీద అత్తరు, సెంటు, కర్పూరం కలిపిన నూనె, ఏదైనా సరే, చల్లకండి.

ఆ సలహా ఎక్కణ్ణుంచి వచ్చిందో ఊహించగలను. ఇంటర్నెట్‌లో అమెరికా వాళ్ళ వీడియోలు చాలా ఉన్నాయి. అక్కడ ఇల్లంతటికీ ఒకే బ్లోయర్, గదిగదికీ డక్టు, మధ్యలో మందపాటి కాగితం ఫిల్టర్. ఆ ఫిల్టర్‌కి చిన్న సువాసన ప్యాడ్ తగిలిస్తారు. మన స్ప్లిట్ ఏసీలో ఉన్నది పల్చటి నైలాన్ జాలీ, దాని వెనకే తడి కాయిల్. జాలీ మీద పడ్డ నూనె అక్కడ ఆగదు. కాయిల్ రేకుల మధ్య సందు చాలా యూనిట్లలో మిల్లీమీటరున్నర లోపే. అక్కడ జిడ్డు పట్టిందంటే దుమ్మంతా అతుక్కుని నెల రోజుల్లో కూలింగ్ తగ్గుతుంది. నిమ్మ, నారింజ నూనెల్లో ఉండే లిమోనీన్ కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరిచి పగుళ్ళు తెస్తుంది. బ్లోయర్ చక్రం ప్లాస్టిక్‌దే అని మర్చిపోవద్దు. స్ప్రే సెంట్లలో ఉండేది ఆల్కహాల్, మంట అంటుకునే సరుకు. నడుస్తున్న ఎలక్ట్రిక్ మెషీన్‌లోకి దాన్ని కొట్టడం ఏ లెక్కన చూసినా తెలివైన పని కాదు.

అన్నిటికంటే ఖరీదైన నష్టం ఇంకొకటుంది, సర్వీసు కుర్రాళ్ళలోనూ చాలామందికి తెలియదు. సెంట్లలో, క్లీనర్లలో ఉండే ఆల్కహాళ్ళు, ఎస్టర్లు, ఆల్డిహైడ్లు తడి, గాలి తగిలి కొద్దికొద్దిగా ఫార్మిక్, ఎసిటిక్ ఆమ్లాలుగా మారతాయి. ఆ ఆమ్లాలు కాయిల్ రాగి గొట్టాన్ని పైనుంచి లోపలికి చీమల పుట్టలా సన్నటి సొరంగాలుగా తొలిచేస్తాయి. కంటికి కనిపించేది చిన్న నల్ల మచ్చ, లోపల గొట్టం గోడ చిల్లు. రెండో ఏడో మూడో ఏడో గ్యాస్ పోతుంది. మన ఊళ్ళో గ్యాస్ లీకు అనగానే అందరూ సముద్రపు ఉప్పు గాలి మీదికి తోసేస్తారు. బయటి యూనిట్ విషయంలో అది నిజమే, లాసన్స్ బే కాలనీలోనో బీచ్ రోడ్డులోనో బయటి యూనిట్ రేకులు వేళ్ళతో రాలిపోవడం చూశాను. కానీ లోపలి కాయిల్ లీకైతే ఉప్పుని తిట్టే ముందు ఇంట్లో ఏం కొడుతున్నారో అడగాలి. గంటకోసారి సెంటు కొట్టే ఆటోమేటిక్ డబ్బా ఏసీ పక్కనే గోడకి బిగించి ఉన్న గదులు నాకు బాగా తెలుసు.

ఇప్పుడు అసలు సంగతి. మీ ఇంట్లో గాలిని కదిపే మెషీన్లు మూడు రకాలు, మూడింటి పనీ వేరు. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే మళ్ళీమళ్ళీ తిప్పుతుంది, బయటి గాలి ఒక్క చుక్క తేదు. డక్టబుల్ ఏసీ కూడా దాదాపు అంతే, కాకపోతే హాలు గాలిని రిటర్న్ గ్రిల్‌తో లాగి నాలుగైదు గ్రిల్స్‌తో పంచుతుంది. ఈఆర్వీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, చిమ్నీ గాలిని బయటికి పంపేసేవి. మొదటి రెండూ సువాసనని పంచుతాయి, మూడోది పారబోస్తుంది. ఈ తేడా తెలియక ఈఆర్వీకి సెంటు మెషీన్ తగిలించి, సీసాలు ఖాళీ అవుతున్నాయి గానీ వాసన రావట్లేదని వాపోయేవాళ్ళున్నారు.

లెక్క వేసి చూడండి. పన్నెండడుగుల చదరపు గది, పదడుగుల ఎత్తు, అంటే 1,440 ఘనపుటడుగుల గాలి. ఒక టన్ను స్ప్లిట్ మామూలు వేగంలో నిమిషానికి 300 నుంచి 350 ఘనపుటడుగులు తిప్పుతుంది. అంటే గది గాలి మొత్తం గంటకి 12 నుంచి 15 సార్లు ఏసీ గుండా పోయి వస్తుంది. ఇంత జోరుగా తిరిగే గదిలో ఏ మూల చిన్న సువాసన పెట్టినా పది నిమిషాల్లో గదంతా ఉంటుంది. దాన్ని ఏసీ లోపలికి దూర్చాల్సిన పనే లేదు!

ఈఆర్వీ సంగతి దీనికి తలకిందులు. మీ ఇల్లు మొత్తం 12,000 ఘనపుటడుగులు అనుకుందాం. ఈఆర్వీ నిమిషానికి 100 చొప్పున నడిస్తే ఇంటి పరిమాణమంత గాలి మారడానికి రెండు గంటలు. కొత్త గాలి పాతదానితో కలుస్తూ పోతుంది కాబట్టి ఆ రెండు గంటల తర్వాత మొదట్లో ఉన్న సువాసనలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ మిగులుతుంది, అది కూడా గోడలూ పరదాలూ పీల్చుకున్నది లెక్కలోకి తీసుకోకుండా. అలాగని సువాసన కోసం ఈఆర్వీ ఆపకండి. ఆష్రే అనే అమెరికన్ ఇంజనీర్ల సంఘం ఇళ్ళ కోసం పెట్టిన 62.2 ప్రమాణం ప్రకారం మీలాంటి ఇంటికి నిమిషానికి 66 ఘనపుటడుగుల బయటి గాలి కావాలి. తలుపులు బిగించి స్ప్లిట్ వేసుకుని ముగ్గురు పడుకునే గదిలో తెల్లారేసరికి కార్బన్ డయాక్సైడ్ 2,000 పీపీఎం దాటడం మామూలే. పొద్దున తలబరువుకి అదొక కారణం. ఈఆర్వీ ఉన్న ఇల్లు మన ఊళ్ళో ఇంకా అరుదు, మీకు దొరికింది, వాడుకోండి. దాని ఫిల్టర్ మాత్రం మర్చిపోవద్దు. ఎండాడలో ఫర్వాలేదు గానీ, పోర్టుకి దగ్గరగా పాతనగరంలో, జ్ఞానాపురంలో ఉండేవాళ్ళకి ఆ ఫిల్టర్ ఎంత త్వరగా నల్లబడుతుందో చూపిస్తే నమ్మరు.

ఈఆర్వీలో ఇంకో జాగ్రత్త. లోపల పొరలు పొరలుగా ఒక కోర్ ఉంటుంది, బయటికి పోయే గాలి చల్లదనాన్నీ లోపలికొచ్చే గాలి తేమనీ అక్కడే మార్చుకుంటాయి. నూనె తుంపర ఆ పొరలకి పట్టిందా, శుభ్రం చేయడం దాదాపు అసాధ్యం, కోర్ మార్చుకోవడమే. ఎంత తప్పనిసరైనా సువాసన ఇచ్చేది మెషీన్ దాటాక, గదుల వైపు వెళ్ళే పైపులోనే. బాత్రూమ్ నుంచి లాగే పైపులో కాదు. నన్నడిగితే ఈఆర్వీ జోలికే పోకండి.

మరి మీ హాలుకి ఏం చేయాలి? డక్టబుల్ ఏసీ ఉంది కాబట్టి షాపతను చెప్పిన మెషీన్ ఇక్కడ సాంకేతికంగా సాధ్యమే. హోటళ్ళలో వాడేది అదే. సీసాలోని నూనెని వేడి చేయకుండా, నీళ్ళు కలపకుండా, కంప్రెసర్ గాలితో చితక్కొట్టి కొన్ని మైక్రాన్ల తుంపరగా చేస్తుంది. సన్నటి గొట్టంతో ఆ తుంపరని డక్టులోకి వదులుతుంది. ఇది బాగా పనిచేయాలంటే కొన్ని షరతులున్నాయి. గొట్టం కాయిల్ దాటాక, సప్లై వైపు, అంటే గాలి హాల్లోకి వెళ్ళే వైపు మాత్రమే దిగాలి. బ్లోయర్ తిరుగుతున్నప్పుడే మెషీన్ కొట్టేలా వైరింగ్ ఉండాలి, లేకపోతే ఆగిన డక్టులో నూనె చుక్కలుగా దిగి ఫాల్స్ సీలింగ్ మీద మరకలు పడతాయి. నిరంతరం కాదు, కొన్ని సెకన్లు కొట్టి రెండు మూడు నిమిషాలు ఆగాలి. డక్టు లోపల శబ్దం తగ్గించడానికి మెత్తటి లైనింగ్ వేసి ఉంటే సగం సువాసన అదే తాగేస్తుంది. ఆ లైనింగ్ తర్వాత నెలల తరబడి అదే వాసన వదులుతుంది, మీకు నచ్చినా నచ్చకపోయినా.

షాపతను చెప్పనిది ఒకటుంది. హాలు గాలి తిరిగి రిటర్న్ గ్రిల్‌లోకే వెళ్తుంది. అంటే పల్చబడినా సరే ఆ సెంటు ఆవిరి మళ్ళీ కాయిల్ మీదికే. హోటల్ వాళ్ళకి రోజూ చూసుకునే మెయింటెనెన్స్ మనుషులుంటారు, కాయిల్ పోతే ఖర్చు రాసుకుంటారు. మీ ఇంట్లో ఆ బిల్లు మీదే. అందుకే నేను ఇళ్ళకి ఈ మెషీన్ సిఫారసు చేయను. పెద్ద విల్లా, రెండంతస్తుల హాలు, డబుల్ హైట్ సీలింగ్ ఉంటే ఆలోచిస్తాను. మీ హాలుకి అవసరం లేదు.

మీ హాలుకి నేను చేసేది ఇది. గాలి ఎటు నుంచి ఎటు పోతోందో ముందు కనుక్కోండి. ఒక అగరుబత్తీ వెలిగించి గుమ్మం దగ్గర, కారిడార్లో, బాత్రూమ్ తలుపు సందు దగ్గర పట్టుకుంటే పొగే చెప్తుంది, అయ్యాక ఆర్పేయండి. సాధారణంగా గాలి హాలు నుంచి వంటింటికీ బాత్రూములకీ పోతుంది, ఎందుకంటే లాగే ఫ్యాన్లు అక్కడున్నాయి. కాబట్టి సువాసన పెట్టాల్సింది ప్రయాణం మొదలయ్యే చోట, అంటే వీధి గుమ్మం వైపు. రీడ్ డిఫ్యూజర్ (సువాసన నూనె సీసాలో పుల్లలు నిలబెట్టేది) ఒకటి, పుల్లలు సగమే వేసి, నాలుగైదడుగుల ఎత్తులో షెల్ఫ్ మీద, ఏసీ గాలి నేరుగా తగలని చోట పెట్టండి. ఏసీ గాలికి ఎదురుగా పెడితే వారంలో సీసా ఖాళీ. రిటర్న్ గ్రిల్ పక్కన అసలు వద్దు. ఎండాకాలం మధ్యాహ్నం ఏసీ లేనప్పుడు కూడా త్వరగా ఆవిరవుతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే ఆవిరయ్యే వేగం దాదాపు రెట్టింపవుతుందని మోటు లెక్క. సాయంత్రం సముద్రం వైపు కిటికీలు తెరిచే అలవాటుంటే గాలి దారి మొత్తం మారిపోతుంది, ఆ వేళ సువాసన గురించి ఆలోచించడం దండగ. ఆ గాలే చాలు.

నీళ్ళు పోసి ఆవిరిలా పొగ వదిలే అల్ట్రాసానిక్ డిఫ్యూజర్లు మన ఊరికి నప్పవు. ఉన్న తేమ చాలక ఇంకొంచెం కలుపుకోవడం ఎందుకు? పైగా బోరు నీళ్ళు పోస్తే అందులోని ఖనిజాలు తెల్లటి పొడిగా టీవీ మీద, ఫర్నిచర్ మీద దిగుతాయి.

ఎయిర్ ప్యూరిఫైయర్ ఉందేమో రాయలేదు. ఉంటే, అందులో బొగ్గు ఫిల్టర్ ఉంటే, అది మీ సువాసనని కాలుష్యంగానే చూస్తుంది. వాసనలు పట్టే సెన్సర్ ఉన్నదైతే సెంటు కొట్టగానే ఎర్ర లైటుతో ఫుల్ స్పీడందుకుంటుంది. అది దాని తప్పు కాదు! ఓజోన్ వదిలే మెషీన్లు, కొన్ని అయొనైజర్లు మాత్రం సెంటుతో కలిపి వాడొద్దు. నిమ్మ, దేవదారు వంటి నూనెల్లోని టెర్పీన్లు ఓజోన్‌తో కలిస్తే ఫార్మాల్డిహైడ్, అతి సన్నని కణాలు తయారవుతాయి.

అమ్మగారి విషయం మొహమాటం లేకుండా చెప్తాను. ఉబ్బసం ఉన్న చాలామందికి సెంట్లు, పొగ దాడిని రేపే కారణాలు. ఆవిడ గదిలో ఏ పరిమళం వద్దు, సహజమైనదైనా సరే. "సహజం" అనే ముద్ర ఊపిరితిత్తులకి తెలియదు. ఇల్లంతా ఒకే మెషీన్‌తో పంచడానికి నేను వద్దనే మరో కారణం ఇదే. గదిలో సీసా అయితే తీసి బయట పెట్టొచ్చు, డక్టుకి పట్టిన వాసన తీయలేం. ఆవిడ గది తలుపు వేసి, ఈఆర్వీ గాలి ఆ గదికి సరిగా అందుతోందో లేదో గ్రిల్ దగ్గర టిష్యూ కాగితం పట్టుకుని చూడండి, కదలాలి. శుక్రవారం సాంబ్రాణి వేసే ఆచారం ఉంటే ఆపమనను. ఏసీ, ఈఆర్వీ ఆపి, కిటికీలు తెరిచి, ఆవిడ వేరే గదిలో ఉన్నప్పుడు వేయండి. ఆ పొగ జిడ్డు కూడా కాయిల్‌కి పడుతుంది. ఇంట్లో పసిపిల్లలుంటే అల్మారాల్లో నాఫ్తలీన్ ఉండలు తీసేయండి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్న పిల్లలకి వాటి వల్ల ఎర్ర రక్తకణాలు విరిగిపోతాయి. పెంపుడు పిల్లి, పక్షులు ఉన్న ఇంట్లో టీ ట్రీ నూనె వంటివి వద్దు.

ఇంకో మాట. వంటగ్యాస్‌కి సొంత వాసన దాదాపు ఉండదు, లీకైతే తెలియాలనే అందులో మెర్కాప్టాన్ అనే కంపు పదార్థం కలుపుతారు. ముక్కు పనిచేసేలా ఇల్లు ఉండాలి. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో స్టైరీన్ లీకై ప్రాణాలు పోయిన ఊరు మనది. తేడా వాసన వస్తే పసిగట్టగలగడం ఇక్కడ చిన్న విషయం కాదు. వంటింట్లో, సిలిండర్ ఉన్న చోట గాఢమైన పరిమళం ఏదీ పెట్టొద్దు.

ఎంత పెట్టాలో తేల్చుకోవడానికి మీ ముక్కుని నమ్మకండి. పది పదిహేను నిమిషాల్లో అది అలవాటు పడిపోతుంది, వాసన రావట్లేదని ఇంకా పోస్తారు. బయటి నుంచి వచ్చినవాళ్ళని అడగండి. "ఏం సెంటు ఇది?" అన్నారంటే ఎక్కువైంది. "ఇల్లు బాగుంది" అంటే సరిపోయింది. హోటల్ లాబీలో బాగుందనిపించడానికీ కారణం ఇదే, అక్కడ మీరు ఐదు నిమిషాలు ఉంటారు. ఇంట్లో పద్నాలుగు గంటలు.

ఏ పరిమళం అంటే అది మీ ఇష్టం, కానీ గాలితో బాగా పాకేవి తేలికైనవి: నిమ్మగడ్డి, నారింజ, లావెండర్. త్వరగా వస్తాయి, త్వరగా పోతాయి. వట్టివేళ్ళు, గంధం బరువైనవి, పెట్టిన చోటే నిదానంగా ఉంటాయి, డక్టులో పంపితే గోడలకే అంటుకుంటాయి. వట్టివేళ్ళ కట్ట ఒకటి గుమ్మం పక్కన కాస్త తడిపి ఉంచితే హాలుకి చాలు, కానీ మన తేమలో ఆరనివ్వకపోతే బూజు పడుతుంది, రెండ్రోజులకోసారి ఎండలో పెట్టండి. సింహాచలం వెళ్ళినప్పుడు సంపెంగలు తెచ్చి ఒక పళ్ళెంలో గుమ్మం దగ్గర పెట్టి చూడండి. నాలుగు పూలు పన్నెండడుగుల గదికి ఎక్కువే, నాకైతే తలనొప్పి. మీకు పడుతుందేమో.

ఇంత చెప్పినా ఆ పాతిక వేల మెషీనే కావాలనిపిస్తే షాపతన్ని పిలిచి నాలుగు ప్రశ్నలడగండి. గొట్టం కాయిల్‌కి ఏ వైపు దించుతావు? బ్లోయర్ ఆగితే మెషీన్ ఆగుతుందా? డక్టుకి పెట్టిన రంధ్రం చుట్టూ ఇన్సులేషన్ ఎలా మూస్తావు? ఈ చివరిది చిన్నదిగా అనిపిస్తుంది గానీ, మన తేమలో చల్లటి డక్టుకి కాస్త ఖాళీ దొరికితే నీటి చుక్కలు పట్టి జిప్సమ్ సీలింగ్ ఉబ్బుతుంది. నాలుగోది, సీసాలో పోసే నూనెలో ఏముందో చెప్పే సేఫ్టీ డేటా షీట్ చూపిస్తావా? చూపించకపోతే ఆ బేరం అక్కడితో ఆపేయండి. కాయిల్ వాషింగ్‌కి మాత్రం ఈ వారమే ఎవరినైనా పిలవండి, వానలు మొదలయ్యాక అందరూ ఒకేసారి పిలుస్తారు, మనుషులు దొరకరు.